దొంగలకు భయం లేదు

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. మైకు మామ అన్న మాటైతే పెదవి దాటి, ప్రచారం బండ్లెక్కి, పట్నమంతా తిరిగి, చివరికి సున్నా సారు చెవిలో పడింది. పడ్డాక ఏమైందో చెప్పాలంటే ముందు మామ గొంతు సంగతి చెప్పాలి.

ఆ గొంతు తెలియనివాళ్ళు ఆ పట్నంలో లేరు. బట్టల షాపులో తగ్గింపు ధరలన్నా, రేపు కుళాయిలు రావన్నా, తప్పిపోయిన ముసలాయన కనిపిస్తే చెప్పమన్నా, మైకులో వినిపించేది ఆ గొంతే. మనిషిని చూస్తే గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. గొంతుకు తగ్గ గుండె మాత్రం దేవుడివ్వలేదు. గోడ మీద బల్లి కనిపిస్తే కూతుర్ని కేకేసే రకం. అందులో తప్పేముంది? లోకంలో భయపడేవాళ్ళే ఎక్కువ. వాళ్ళని వెక్కిరించేవాళ్ళు కూడా లోలోపల భయపడి చచ్చేవాళ్ళే.

ఇక సున్నా సారంటే ఆ పట్నం నాయకుడు. అసలు పేరు గోడల మీద ఉండేది, జనం నోట్లో మాత్రం సున్నా సారే. తాను వచ్చాక నేరాలను సున్నాకు దించానని ప్రతి సభలోనూ వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించేవాడు. ఎలా దించాడయ్యా అంటే, అదేం బ్రహ్మవిద్య కాదు. ఫిర్యాదు పట్టుకొచ్చినవాణ్ణి బుజ్జగించో బెదిరించో స్టేషను గుమ్మం దగ్గరే వెనక్కి పంపేవారు. కేసు రాయకపోతే నేరం జరగనట్టే కదా! జ్వరం తగ్గించమంటే థర్మామీటరు విరగ్గొట్టే వైద్యం అది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆ సున్నాను ఊరూవాడా చాటే పని మామకే వచ్చింది.

మామకు ఒక్కతే కూతురు. బజారు వీధిలో కళ్ళజోళ్ళ షాపులో పని చేసేది. సారు మనుషుల్లో ఒకడు రోజూ సాయంత్రం ఆ షాపుకు వచ్చేవాడు. ఎండ ఉన్నా లేకపోయినా నల్లద్దాలు తియ్యడు కాబట్టి వాణ్ణి అందరూ నల్లద్దాలనే అనేవారు. షాపులో ఉన్న ఫ్రేములన్నీ పెట్టి చూసుకుంటాడు, ఒక్కటీ కొనడు. ఎదురుగా అద్దం మాత్రం ఆ పిల్లే పట్టుకోవాలి. "ఇంకాస్త దగ్గరగా పట్టు" అంటాడు. ఆ తర్వాత షాపు మూసేదాకా ఎదురుగా బండి మీద కూర్చుంటాడు. ఒకరోజు అద్దం పట్టుకున్న చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, నవ్వుతూ, "మీ వెనక గది కిటికీ గడియ సరిగ్గా పడటం లేదు. బాగు చేయించుకోండి" అన్నాడు.

ఆ గడియ నిజంగానే సరిగ్గా పడదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. కూతురు ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మామ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. గడియకు తాడు కట్టాడు. తాడు మీద నమ్మకం లేక బీరువా తెచ్చి కిటికీకి అడ్డం పెట్టాడు. అదంతా చూసి భార్య నెత్తి కొట్టుకుంది.

"బీరువాలు జరిపితే అవుతుందా? స్టేషనుకెళ్ళి చెప్పండి. ఊరందరికీ వినబడే గొంతు, అక్కడికెళ్తే లేవదా ఏంటి?"

లేవదనే మామ భయం. అయినా వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు, చెప్పిందంతా విన్నాడు. విని, "నల్లద్దాలా? మనవాడే" అన్నాడు. "చూడు మామా, ఇప్పుడు నేను కేసు రాశాననుకో, సారు సున్నా కాస్తా ఒకటవుతుంది. ఎన్నికల ముందు ఆ ఒకటి నీవల్లే వచ్చిందని తెలిస్తే నీకేమన్నా బాగుంటుందా?"

సరిగ్గా అప్పుడే బయట రోడ్డు మీంచి ప్రచారం బండి పోయింది. మన పట్నంలో నేరాలు సున్నా, మన నాయకుడే మనకు రక్ష, అని ముందే రికార్డు చేసిన మామ గొంతే ఖంగుమంటూ వినిపించింది. ఇన్‌స్పెక్టరు చెవి మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. "ఇదిగో, నువ్వే చెప్తున్నావు. నీ మాట నువ్వే నమ్మకపోతే ఎలాగయ్యా!" అని పకపకా నవ్వాడు. మామ కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలియదు. భయం ముదిరితే మనిషి ఎదుటివాడితో కలిసి నవ్వేస్తాడు.

మర్నాడు కొత్త రికార్డింగు. గోడలకు పరుపులు కొట్టిన చిన్న గది అది. ఫ్యాను తిరిగితే చప్పుడని ఆపేస్తారు. మామ ఒక్కసారి చదివితే చాలు, మళ్ళీ వినక్కర్లేదన్నది ఆ గదిలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. తప్పు చదివిన పాపాన పోలేదు మరి. ఆ రోజు మైకు ముందు కూర్చోబోతుండగా ఫోను మోగింది.

"నాన్నా, వాడు పొద్దున్నే వచ్చాడు. గడియ బాగు చేయించారా అని అడుగుతున్నాడు." ఆ పిల్ల గుసగుసగా అంటోంది. "నాన్నా, మీరు స్టేషనుకెళ్ళిన సంగతి కూడా వాడికి తెలుసు."

"నువ్వు అమ్మగారి పక్కనే ఉండు తల్లీ. ఎక్కడికీ కదలకు" అన్నాడు మామ. అమ్మగారంటే ఆ షాపు యజమానురాలు. గాజు పలక అవతలినుంచి రికార్డింగాయన చెయ్యి ఊపాడు, మామ చదివేశాడు.

కాగితం మీద ఉన్న మాటలివి: దొంగల భయం లేదు, రౌడీల భయం లేదు, మన ఆడపిల్లలకు భయం లేదు. మామ మనసంతా ఆ చివరి మాట మీదే ఉంది. అందులోని "కు" ముందే వచ్చి నాలుక మీద కూర్చుంది. దొంగలకు భయం లేదు, రౌడీలకు భయం లేదు, అని చదివేసి, గుక్క తిప్పుకుని, మన ఆడపిల్లలకు భయం లేదు అని ముగించి, చెమట తుడుచుకుని లేచాడు. అలవాటు ప్రకారం ఎవరూ మళ్ళీ వినలేదు.

బండ్లు బయల్దేరాయి. పార్టీవాళ్ళకు మధ్యాహ్నందాకా తెలియనే తెలియదు. సొంత నినాదాలు ఏ పార్టీవాడు వింటాడు కనక! జనం మాత్రం విన్నారు. టీ కొట్ల దగ్గర నవ్వులే నవ్వులు. "ఇన్నాళ్ళకు నిజం చెప్పారు" అన్నారు. బండి వెనకాలే పోయి ఇంకోసారి విన్నవాళ్ళున్నారు. మామకు ప్రచారం బండి నడిపే డ్రైవరన్న చెబితే తెలిసింది.

"ఏం చదివావు మామా! ఊరంతా పడీపడీ నవ్వుతోంది. అయినా దొంగలకు భయం లేదంటే సారుకెందుకంట కోపం? గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు!" అని డ్రైవరన్న తానూ నవ్వబోయి, మామ మొహం చూసి ఆపేశాడు. "నిన్ను రమ్మంటున్నారు. సారే."

సారు ఇంటి ముందు గది చల్లగా ఉంది. సారు అరవలేదు. అరిచి ఉంటే మామకు కొంత నయంగా ఉండేది.

"రా మామా, కూర్చో. ఒక్క అక్షరం చూడు ఎంత పని చేసిందో."

"పొరపాటండీ. నాలుక తడబడింది. కావాలని కాదండీ."

"నాకు తెలీదా? కావాలని అనే ధైర్యం నీకెక్కడిది?" అని సారు నవ్వాడు. "సరేలే, అయిందేదో అయింది. ఇప్పుడు దిద్దుకుందాం. నీకో కూతురుందట కదా?"

మామ తల తిప్పాడు. తలుపు పక్కన గోడకు ఆనుకుని నల్లద్దాలు నిలబడి ఉన్నాడు. అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. వాడి కళ్ళు మామ చూడటం అదే మొదటిసారి. మామూలు కళ్ళే. అందుకే ఇంకా భయమేసింది.

"'నాకు భయం లేదు' అని ఆ పిల్ల చేతే చెప్పిద్దాం," అన్నాడు సారు. "ఆడపిల్ల గొంతైతే జనం నమ్ముతారు. సాయంత్రం లోపల రికార్డింగు అయిపోవాలి. మనవాడు వెళ్ళి తీసుకొస్తాడు, పనయ్యాక భద్రంగా ఇంటి దగ్గర దించుతాడు. ఏరా?"

"దించుతానండీ. ఇల్లు తెలుసు," అన్నాడు నల్లద్దాలు.

"నేనే తీసుకొస్తానండీ" అన్నాడు మామ.

"నీకెందుకు శ్రమ?"

చెప్పాలి. వీడే బాబూ మా పిల్ల వెంట పడేది, వీడికా అప్పగిస్తారు, అని చెప్పాలి. మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. నోరు తెరిస్తే మాత్రం "అలాగేనండీ" అన్న మాటే బయటపడింది. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి దణ్ణం పెట్టినట్టయింది. నల్లద్దాలు అద్దాలు పెట్టుకుని బయటికి నడిచాడు. గేటు దగ్గర వాడి బండి చప్పుడు వినిపించింది.

మామ ఎలా లేచాడో, మెట్లెలా దిగాడో! ప్రచారం బండి గేటు పక్కనే ఆగి ఉంది. ఎక్కి కూర్చుని, "అన్నా, కళ్ళజోళ్ళ షాపుకు పోనియ్. నీ కాళ్ళు పట్టుకుంటాను, తొందరగా" అన్నాడు. దారిలో కూతురికి ఫోను చేశాడు. "షట్టరు దించెయ్యండమ్మా. ఎవరొచ్చినా తియ్యొద్దు. నేను పంపానన్నా తియ్యొద్దు." డ్రైవరన్న అప్పటికే వేగం పెంచాడు. అతనికీ కూతుళ్ళున్నారు.

వాళ్ళు చేరేసరికి షట్టరు దించే ఉంది. నల్లద్దాలు బండి తాళాలతో దాని మీద కొడుతున్నాడు, తీరిగ్గా, పాట పాడుకుంటున్నవాడిలా. "మీ నాన్నే పంపాడు, తియ్యి" అంటున్నాడు. ఇంకా పొద్దు గుంకలేదు. వీధి నిండా మనుషులున్నారు. కుట్టుమిషను ముందున్నావిడ దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూనే ఉంది. మందుల షాపాయన బోర్డు తుడుస్తున్నాడు. అందరికీ ఉన్నట్టుండి పనులు పుట్టుకొచ్చాయి.

మామ దిగుదామనుకున్నాడు. కాళ్ళు రాలేదు. దిగి ఏం చేస్తాడు? వాడు ఒక్క తోపు తోస్తే కాలవలో ఉంటాడు. చేతులు మాత్రం వాటంతటవే మైకు తీసుకున్నాయి, బొటనవేలు మీట నొక్కింది.

"అక్కలారా! అన్నలారా! రండి, త్వరపడండి!"

ఛీ, బట్టల తగ్గింపు గొంతు! వేరే గొంతు అతనికి రాదు మరి. గుక్క తిప్పుకున్నాడు. వీధి మొత్తం తలెత్తి చూసింది. షట్టరు చప్పుడు ఆగింది.

"లోపలున్నది నా కూతురు. వీడు రోజూ వెంట పడుతున్నాడు. స్టేషనుకెళ్తే కేసు రాయలేదు. ఇప్పుడు మా పిల్లని తీసుకురమ్మని సారు వీణ్ణే పంపించాడు. నాకు భయంగా ఉంది. అయ్యా, నాకు చాలా భయంగా ఉంది. మీరు వీణ్ణేమీ అనక్కర్లేదు, ఏమీ చెయ్యక్కర్లేదు. వచ్చి నిలబడండి. చూస్తూ నిలబడండి, అంతే."

ఆ గొంతు భయంగా ఉందనడం వాళ్ళెప్పుడూ వినలేదు. ముందు కుట్టుమిషనావిడ లేచింది, మెడలో టేపు అలాగే ఉంది. క్షవరం షాపులోంచి ఒకాయన సగం మొహానికి నురగతో బయటికొచ్చాడు. పై అంతస్తుల్లో రెండు కిటికీలు మూసుకున్నాయి, నాలుగైదు తెరుచుకున్నాయి. వచ్చినవాళ్ళు నిజంగానే ఏమీ చెయ్యలేదు. నిలబడి చూశారు.

నల్లద్దాలు ప్రచారం బండి దగ్గరికొచ్చి, మామకు మాత్రమే వినబడేలా, "మైకు ఆపు మామా. ఎప్పుడో ఒకప్పుడు ఆపాలి కదా" అన్నాడు.

"మైకు ఆపమంటున్నాడు!" అని మామ మైకులో చెప్పాడు. "ఎప్పుడో ఒకప్పుడు ఆపాలి కదా అంటున్నాడు!"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. వాడు నాలుగు పక్కలా చూసి, వెనక్కి తగ్గి, తన బండి మీద కూర్చున్నాడు. పోలేదు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ ఎదురు చూడసాగాడు.

షట్టరు కొంచెం లేచింది. కిందినుంచి అమ్మగారు, ఆవిడ వెనకే ఆ పిల్ల వంగి బయటికొచ్చారు. అమ్మగారు ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి తీసుకొచ్చి, బండిలో తండ్రి పక్కన కూర్చోబెట్టింది. డ్రైవరన్న మనిషి నడిచేంత మెల్లగా బండి కదిలించాడు. ఆ వెనక నల్లద్దాలు బండి కూడా కదిలింది.

మామ మైకు ఆపలేదు. ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియడం లేదు. వీధి పేరు చెప్పాడు, మలుపు చెప్పాడు, ఇప్పుడు మందుల షాపు దాటుతున్నాం, వాడు వెనకే వస్తున్నాడు, అన్నలారా అరుగు మీదికి రండి, అన్నాడు. గొంతు బొంగురుపోతోంది. బండి ఏ వీధిలో ఉంటే ఆ వీధివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడుతున్నారు. వీధి మారితే వాళ్ళు వెనకబడిపోతున్నారు. కూతురు తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఇల్లు ఇంకో మలుపు దూరంలో ఉందనగా, మామ దగ్గొచ్చి ఒక్క క్షణం ఆగాడు. ఆ కాస్త ఖాళీలో ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"ఇంటికెళ్ళాక ఏం చేద్దాం నాన్నా?"

మైకు ఆ పిల్ల మొహం దగ్గరే ఉంది. ఆ మాట ఇళ్ళ గోడలకు తగిలి వీధంతా వినబడింది. మామ గుమ్మాల వైపు చూశాడు. గుమ్మాల్లో ఉన్నవాళ్ళు ఒక్కరూ లోపలికి పోలేదు.