నాలుగో రోజు

"బీన్స్‌లో బెల్లప్పాకం ఎక్కువ పోయకు. కిందటిసారి పాయసం తిన్నట్టుంది," అన్నాడు వెండెల్, అద్దం ముందు టై సర్దుకుంటూ.

లోర్నా గిన్నె మూత బిగించింది. తెల్లారకముందే లేచి వందమందికి వండిన బీన్స్ అవి. ఆ మధ్యాహ్నం ఊరి రైతుల గ్రేంజ్ హాల్లో తుపాకుల బిల్లు మీద శాసనసభ కమిటీ బహిరంగ విచారణ. దుకాణాల్లోనే కాదు, మనిషికీ మనిషికీ మధ్య జరిగే అమ్మకాల్లో కూడా కొనేవాడి పూర్వాపరాలు ఆరా తీయాలని ప్రభుత్వం చట్టం తేబోతోంది. ఇంటింటా వేట తుపాకి ఉండే మైన్ రాష్ట్రపు ఉత్తరాన అది మామూలు మాట కాదు. వెండెల్ మాట్లాడతాడు. అతని తండ్రి ఆరిన్ మాట్లాడతాడు. లోర్నా వడ్డిస్తుంది.

హాస్కెల్ తుపాకుల దుకాణం బోర్డు మీద తండ్రీకొడుకుల పేర్లే ఉన్నాయి. ఇరవై ఆరేళ్లుగా కౌంటర్ వెనక ఉన్నది మాత్రం లోర్నా. కొనేవాళ్లు నింపిన ఫారంలో తప్పులు పట్టేది ఆమె. ఆరా కోసం ప్రభుత్వ కేంద్రానికి ఫోన్ చేసేది ఆమె. 'ఇవ్వండి', 'ఇవ్వకండి', 'ఆగండి' అనే మూడు జవాబుల్లో ఏదొచ్చినా ఎదుటివాడి ముఖం చూసి చెప్పేది కూడా ఆమే. అంత పనిలో ఒక్క కాగితం తప్పిపోలేదు, ఒక్కరితో మాట పడలేదు. "సొంత దుకాణంలో కూర్చోవడం కూడా ఒక పనేనా, విడ్డూరం!" అనేది అత్తగారు బతికున్నప్పుడు. వేటలో లోర్నా గురి గురించి ఊరంతా చెప్పుకుంటుంది. ప్రతి నవంబర్లో మొదటి వారంలోనే ఆమె జింకను పడగొడుతుంది. వెండెల్ ఆఖరుసారి ఎప్పుడు కొట్టాడో అతనికే గుర్తులేదు. ఆమెకు తుపాకులంటే పగేమీ లేదు. "మా తాత తుపాకి నా మనవడికివ్వడానికి సర్కారు పర్మిషనెందుకు?" అని ఆరిన్ అరిచినప్పుడల్లా ఆ మాటలో న్యాయముందనే అనుకుంటుంది.

ఆమెను తొలుస్తున్నది బిల్లు కాదు, కర్టిస్ అనే ఊరివాడు కొనబోతున్న పిస్టల్. సోమవారం ఫారం నింపాడు. 'ఆగండి' అని జవాబొచ్చింది. ఆ తర్వాత మూడు పనిదినాల్లోగా ఏ కబురూ రాకపోతే అమ్మేయొచ్చని చట్టం. ఈ రోజు గురువారం, గడువు సాయంత్రంతో సరి. రేపు పొద్దున ఎనిమిదింటికల్లా కర్టిస్ గుమ్మంలో ఉంటాడు.

బుధవారం చర్చిలో పాత బట్టలు మడతపెడుతుంటే ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే అతని భార్య జెనీన్ పక్కకొచ్చి నిలబడింది. కుడిచేతి రెండు వేళ్లకూ కట్టు. కారు తలుపులో పడ్డాయంది, ఎవరూ అడక్కుండానే. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన మీ దుకాణంలో ఏమైనా కొన్నాడా?" అంది. లోర్నా తల ఎత్తకుండా ఇంకో చొక్కా మడతపెట్టింది. కొనేవాళ్ల సంగతులు బయట చెప్పకూడదని మామగారి మాట. ఆ మాట చాటున దాక్కున్నందుకు నిన్నటి నుంచి తనను తానే తిట్టుకుంటోంది.

"కర్టిస్‌కి ఇవ్వకుండా ఉంటే బావుంటుందేమో," అంది లోర్నా ఆ పొద్దున్నే కాఫీ పోస్తూ.

"జవాబు రాలేదంటే తప్పేం లేదన్నమాటే. నీకెందుకే ఆ గొడవ?" అన్నాడు వెండెల్. "నువ్వు బీన్స్ సంగతి చూడు."

హాలు కిటకిటలాడుతోంది. కర్టిస్ వెనక గోడకానుకుని నిలబడ్డాడు. వంటగది కిటికీలోంచి లోర్నాకు అందరూ కనిపిస్తున్నారు. ఆరిన్ బాగా మాట్లాడాడు, చప్పట్లు మోగాయి. వెండెల్ లేచి, తమ దుకాణంలో ఆరా ఎంత నిక్కచ్చిగా జరుగుతుందో చెప్పుకొచ్చాడు.

"జవాబు రాకపోతే?" అంది కమిటీ అధ్యక్షురాలు.

"మూడు రోజులయ్యాక ఇచ్చేస్తామండీ. మౌనం అర్ధాంగీకారం కదా!" అన్నాడు. జనం నవ్వారు.

"ఈ మూడు రోజుల్లో మళ్లీ ఫోన్ చేస్తారా? వాళ్లేమంటారు?"

వెండెల్ మళ్లీ టై సర్దుకున్నాడు. జన్మలో ఒక్కసారైనా ఆ ఫోన్ చేసిన మనిషి కాదు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి వంటగది వైపు తిరిగి, "లోర్నా!" అని కేకేశాడు.

ఆమె ఏప్రన్‌తోనే వచ్చింది. గరిటె బల్లమీద పెట్టి, మైకు ముందు నిలబడి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పొద్దున ఒకసారి, దుకాణం మూసేముందు ఒకసారి ఫోన్ చేస్తుంది. చాలాసార్లు ఏ దూరపు కోర్టు కాగితమో దొరక్క ఆలస్యమవుతుంది. కొన్నిసార్లు ఆ దొరకని కాగితంలోనే ఉంటుంది అసలు సంగతి. హాలంతా వింటోంది. అంత తెలిసిన మనిషి ఇన్నాళ్లూ తమకు కాఫీ అందిస్తూ తిరిగిందా అన్నట్టు చూస్తున్నారు.

"అయితే నాలుగో రోజు ఇచ్చేస్తారా?"

"ఇవ్వచ్చంది చట్టం. ఇచ్చి తీరాలనలేదు. జవాబు వచ్చేదాకా నేనివ్వను."

ఆరిన్ లేచాడు. "అమ్మాయ్! అది కొనేవాడి హక్కు!"

"అమ్మకపోవడం మన హక్కు మామయ్యా. దుకాణం మనది, సర్కారుది కాదని ఇందాక మీరేగా అన్నారు?" ఆమె హాలు వైపు తిరిగింది. "ఇంకో మాట. నోరు మెదపలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇరవై ఆరేళ్లుగా మా ఇంట్లో అందరూ అదే పొరపాటు పడుతున్నారు."

వంటగదిలోని ఆడవాళ్లు ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత వేటగాళ్లలో సగంమంది కొట్టారు. ఆరిన్ కొట్టలేదు గానీ, కోడలి వంక కొత్తగా చూశాడు. కర్టిస్ తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోయాడు.

లోర్నా బయటికొచ్చి ట్రక్కు ఎక్కి, స్టీరింగ్ ముందు తనే కూర్చుంది. వెండెల్ వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"నలుగురిలో పరువు తీశావు కదే! కర్టిస్ రేపొస్తే ఏం చెప్పమంటావు?"

"నేనే చెప్తాను, కౌంటర్ దగ్గర నేనేగా ఉండేది. ఇప్పుడు ఆస్పత్రి లాండ్రీకి వెళ్తున్నా. జెనీన్ డ్యూటీ దిగే వేళయింది. వాడి కంటే ముందు నేనుండాలి అక్కడ."

"నీకేం సంబంధం?"

"నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టు కాదని లోపల గొప్పగా చెప్పొచ్చాను. నిన్న ఆమె అడిగినప్పుడు నోరు మెదపలేదు చూడూ, అది మాత్రం వాడు చేసేదానికి ఒప్పుకోవడమే." తాళం తిప్పింది. "నువ్వు రానక్కర్లేదు. లోపల వందమంది తిన్న పళ్లేలున్నాయి, కడుగు."