‘చూసేదాకా’ అన్న అచ్చుతప్పు

భౌతికశాస్త్రోపన్యాసకులవారికి లోకం మీద ముప్ఫై ఏళ్ళుగా ఆగ్రహం. పరుపు మీద ‘క్వాంటం’ అని కుట్టినవాడి మీద ఆగ్రహం. రాగి కడియాన్ని క్వాంటం ఆరోగ్యమని అమ్మేవాడి మీద మహాగ్రహం. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టే ఈ విద్యను చూస్తూ ఊరుకున్న ప్రభుత్వం మీద, పత్రికలకు నెలకు రెండు ఉత్తరాల చొప్పున వెలువడే ధర్మాగ్రహం.

ఉత్తరాలతో చీకటి తొలగలేదు. అంచేత ఆయన స్వయంగా దండయాత్రకు బయలుదేరారు. చతురంగబలాలు ఏవంటే: ఒక చేతిసంచి, కాంతి ప్రయోగానికి రెండు చీలికలు కోసిన అట్టముక్క, ఒక టార్చిలైటు, ఒక వాక్యం. మొదటి మూడింటినీ సభలో ఎవరూ పట్టించుకునేవారు కారు. నాలుగోదానికి మాత్రం పైకప్పు ఎగిరిపోయేన్ని చప్పట్లు.

“చూసేదాకా ఏదీ లేదు!”

దంతవైద్యులకూ అదే, కాలేజీ పిల్లలకూ అదే, ట్రాఫిక్ పోలీసులకూ అదే. ఎవరికి కావలసింది వారు పట్టుకుపోయారు. “అంటే సార్, మేం చూడకపోతే వాడు ఎర్రలైటు దాటనట్టేనా?” అని ఒక కానిస్టేబులు లేచి అడిగితే హాలంతా ఘొల్లుమంది. ఉపన్యాసకులవారు ఆ నవ్వును విజ్ఞానోదయంగా స్వీకరించి, శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్ళారు.

పదవీ విరమణ చేసిన గుమాస్తాల సంఘంలో మాట్లాడిన రోజున ముందు వరుసలో ఆయన అక్కగారు కూర్చున్నారు. అచ్చాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. లోకం తప్పుల తడక అనీ, అందులో తన తమ్ముడొక్కడే సరిగ్గా అచ్చయ్యాడనీ ఆమె దృఢ విశ్వాసం. ఆ వాక్యాన్ని ఆమె నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆయన పత్రికకు ఉత్తరం రాస్తున్నారు. ‘బాధ్యతలేని మాటలతో జనం ప్రాణాల మీదికి తెచ్చే ఈ కడియాలవాళ్ళు’ అన్నచోట ఫోను మోగింది. అక్కగారి కూతురు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే పిల్ల.

“మావయ్యా, నీ క్వాంటం తగలెయ్య! అమ్మ షుగర్ చూపించుకోవడం మానేసింది.”

“నేను మానమన్నానా?”

“అన్నావుట. చూసేదాకా లేదుట. షుగర్ మిషన్ని జేబురుమాల్లో చుట్టి బీరువాలో పెట్టింది. లేనిదానికి మాత్రలెందుకని అవీ ఆపేసింది. కాలి బొటనవేలి మీద పుండు పదిహేను రోజులైనా మానలేదు. నేను సూది పట్టుకుంటే చెయ్యి వెనక్కి దాస్తోంది. నువ్వు రా. నువ్వన్నది నువ్వే వెనక్కి తీసుకో.”

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. అపార్థం చేసుకోవడానికి లోకంలో ఇంతమంది ఉండగా సొంత అక్కే దొరికిందా!

అక్కగారు పడక్కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు ముక్కాలిపీట మీద చాపుకుని ఉన్నారు. ఒళ్ళో నోటుబుక్కు, ఎర్ర పెన్ను. పక్కన కూతురు సూదితో కాపలా.

“అక్కా, నేనన్నది ఎలక్ట్రాన్ల గురించి.”

“అలా అని ఎక్కడన్నావురా? ఇదిగో, రాసుకున్నా. ‘ఏదీ’ అన్నావు. ఆ ‘ఏదీ’లో నేను లేనా?”

“అసలది ఒక వర్గంవాళ్ళ వ్యాఖ్యానం. ఇంకో వర్గం ఏమంటారంటే, జరగగలిగినవన్నీ జరుగుతాయి, వేర్వేరు లోకాల్లో...”

“అయితే ఒక లోకంలో నాకు షుగర్ లేదన్నమాట.”

“ఆఁ... లేకపోవచ్చు...”

“ఆ లోకం చాల్లే నాకు.”

“మావయ్యా!” సూది మొన ఆయన వైపు తిరిగింది.

“ఆగవే. మూడో వర్గం ఉంది. కణం దారి ముందే ఖాయమై ఉంటుంది, మనకి తెలీదంతే.”

“ముందే ఖాయమైపోతే ఇంక పొడుచుకోవడం దేనికిరా? ఇంతకీ ఎవరి మాట నిజం?”

“తెలీదు. వందేళ్ళ బట్టీ జుట్లు పట్టుకుంటున్నారు.”

“తెలీనివాడివి మైకు పుచ్చుకుని అంత గట్టిగా ఎందుకరిచావు?”

మూడు వ్యాఖ్యానాలూ అక్కగారి చేతిలో క్షణంలో నేలకూలగా ఆ మహారథి తల వంచుకున్నారు.

“చప్పట్లు కొడుతున్నారు కదాని.”

అక్కగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “పోయినసారి మూడొందల పది వచ్చిందిరా. ఆ మిషన్ని చూస్తేనే గుండె దడ. చూడకపోతే లేదని నువ్వంటే, ఎంత హాయిగా ఉందో. చదువుకున్నవాడివి, ఉత్తినే అంటావా అనుకున్నా.”

కడియాలవాడు సరిగ్గా ఇదే అమ్ముతాడు. పోగుపడిన ఆగ్రహమంతా ఎవరి మీద చూపించాలో ఉపన్యాసకులవారికి మొట్టమొదటిసారి తెలిసింది. ఆయన నేల మీద చతికిలబడి, ఆ కట్టును కాసేపు చూశారు.

“అక్కా, అక్కడ చూడ్డమంటే కంటితో చూడ్డం కాదు. ఏదో ఒకటి తగిలి, గుర్తు పడిపోతే చాలు. గాలైనా, వెలుగైనా. ఒంటరి ఎలక్ట్రాను దేనికీ తగలకుండా కాసేపు తప్పించుకోగలదు. నీ నెత్తురు తప్పించుకోలేదు. అందులో చక్కెరెంతో నీ ఒళ్ళు క్షణక్షణం చూస్తూనే ఉంది. ఈ పుండు ఉందే, ఇదే ఆ గుర్తు. మిషనుది అందరికన్నా ఆఖరి చూపు. ఆ జుట్లు పట్టుకునేవాళ్ళందరిదీ ఈ సంగతిలో ఒక్కటే మాట.”

అక్కగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. నోటుబుక్కు తెరిచి ‘చూసేదాకా’ కొట్టేసి పైన ‘తగిలేదాకా’ అని రాశారు. ‘ఏదీ’ చుట్టూ సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

“ఇది అచ్చుతప్పు కాదురా. రాసినవాడి తప్పు.”

అప్పుడు కూతురి వైపు వేలు చాపి, మొహం పక్కకు తిప్పుకున్నారు. మూడొందల అరవై రెండు. గంటలో ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. ఇంకో వారం ఆగితే కాలి వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు అన్నాడు. ఆ మాట మేనకోడలు మావయ్య మొహంలోకి చూస్తూ ఇంకోసారి చెప్పించుకుంది.

తర్వాతి నెల, అదే గుమాస్తాల సంఘం, అదే హాలు. ముందు వరుసలో కొత్త కట్టుతో అక్కగారు, ఎర్ర పెన్నుతో సహా. ఉపన్యాసకులవారు సంచిలోంచి అట్టముక్క తీయనే లేదు.

“పోయినసారి నేను మీకు తప్పు చెప్పాను,” అన్నారు.

ఒక్క చప్పట కూడా పడలేదు. వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి నొచ్చుకుంటూ లేచాడు. చేతికి రాగి కడియం మెరుస్తోంది.

“అదేంటి సార్! మీ మాట నమ్మే కదా కొన్నాం. కడియం డబ్బా మీద అచ్చేశారు కూడానూ.”

చేతులు మారుతూ డబ్బా ముందుకొచ్చింది. మూత మీద బంగారు రంగు అక్షరాలు: ‘చూసేదాకా ఏదీ లేదు’. కింద ఉపన్యాసకులవారి బిరుదులన్నీ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

ఆయన డబ్బాను అక్కగారికి అందించారు. “అక్కా, ఇలాంటివి ఎన్ని వేలు తిరుగుతున్నాయో!”

అక్కగారు డబ్బాను దూరంగా పెట్టి చదివి, దగ్గరగా పెట్టి చదివి, పెన్ను మూత తీశారు.

“కూర్చో. ఇక్కడినుంచి మొదలెట్టు,” అని పెన్ను తమ్ముడి చేతికిచ్చారు. “వాక్యం నీది కదా. నువ్వే దిద్దు.”