అల్లుడుగారి టూల్ పోస్ట్

సరదాకి కొనుక్కున్న, ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కే చిన్న లేత్ మీద, చెక్కే టూల్ మొన సరిగ్గా కడ్డీ నడిమికి వచ్చేలా దాని కింద రేకు ముక్కలు పేర్చి ఎత్తు సరిచేయడం అల్లుడికి నామోషీ అనిపించేది. టూల్‌ని బిగించి పట్టుకునే దిమ్మె, అదే టూల్ పోస్ట్, చిటికెలో టూల్ మార్చేలాంటిది కొత్తది కొనబోతుంటే, ముప్పై ఏళ్లు లేత్ నడిపిన మామగారు ఒక్కటే అడిగారు.

"ఎత్తు కొలిచారా, అల్లుడుగారూ?"

"పెద్ద సైజు తెస్తున్నా కదా, కొలవడమెందుకు? ఇంకా ఈ ముక్కలేంటి మామయ్యగారూ!" అంటూ రేకుల్ని చెత్తబుట్టలో పారేశాడు.

తీరా బిగించాక, ఎంత దించినా టూల్ మొన కడ్డీ నడిమికి గోరంత పైనే నిలిచింది. అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

మామగారు పాత పోస్టే మళ్లీ బిగించి, చొక్కా జేబులోంచి ఆ రేకుల్నే తీసి అతని చేతిలో పెట్టారు. వాటికి అంటిన టీపొడి కూడా శుభ్రంగా తుడిచేసి ఉంది.