రోము పద్ధతిలో ఓటు

వరప్రసాద్ మాస్టారికి ఆ శుక్రవారం ఇంట్లో పడుకోవాలనే ఉంది. వారమంతా పిల్లలకు రోము చరిత్ర చెప్పి చెప్పి గొంతు ఎండిపోయింది. అయినా బ్నీద్ అల్ గార్‌లో తెలుగు సంఘం కమిటీ సమావేశానికి ఒళ్లీడ్చుకుంటూ వచ్చాడు, హుస్సేన్ పీరా కోసం.

పీరాది రాయచోటి, డ్రైవరు. ఈ అరబ్బు దేశంలో తెలుగువాళ్లెవరు చనిపోయినా, శవాన్ని ఊరికి పంపే కాగితాల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగేది అతనే. అతన్ని కమిటీలోకి తీసుకోవాలని మాస్టారి పట్టుదల. కమిటీ అంటే మొదట్లో వచ్చిన నాలుగు ఇంజనీర్ల కుటుంబాలూ, వాళ్ల చేతికింద బతికేవాళ్లూ. ఒకరు దిగితే ఆయన బావమరిది ఎక్కుతాడు, అంతే.

"రోములోనూ పెద్ద కుటుంబాలదే సభండీ," అన్నాడు మాస్టారు లేచి. "అయినా టుల్లస్ రాజు ఆల్బా ఊరిని గెలిచాక అక్కడివాళ్లను కూడా సెనేట్‌లో కలుపుకున్నాడంటారు. జనం పెరిగారని కొత్త సభాభవనమే కట్టించాడట! మనం ఒక్క మనిషిని కలుపుకోలేమా?"

అందరూ తలలూపారు. చీటీల మీద ఓటు పెట్టి ఉంటే పీరా గెలిచేవాడే. కానీ అధ్యక్షుడు భరద్వాజ్ తక్కువవాడా?

"బాగుంది మాస్టారూ. మరి వాళ్లు ఓటెలా వేసేవారు?"

అక్కడ నోరు మూసుకోవచ్చుగా! పాఠాలు చెప్పే నోరు ఊరుకుంటుందా?

"ఎవరి మాట నచ్చితే వాళ్ల పక్కకు నడిచి నిలబడేవారండీ."

"భేష్! మనమూ అలాగే చేద్దాం. పీరా కావాలనేవాళ్లు కిటికీ వైపు, వద్దనేవాళ్లు నా వైపు."

నిన్న ఫోనులో మాస్టారితో "మా ఓటు పీరాకే" అన్నవాళ్లంతా తలలు వంచుకుని భరద్వాజ్ పక్కకు చేరారు. చేసిన తప్పు తెలిసి, మాస్టారు ఒక్కడే కిటికీ వైపు నడిచాడు. తన పేరు చర్చకొస్తుందని పిలిస్తే వచ్చి, మొదట్నుంచీ అక్కడే నిలబడి ఉన్న పీరా ఎదురొచ్చి ఆపాడు.

"సార్, మీరు గూడా ఆ పక్కకే పోండి. మీరు ఈడ ఉండేదానికి ఇఖామా ఈ నెల్లోనే గదా స్కూలోళ్లు రెన్యువల్ చేయాల్సింది. ఆ స్కూలు పెద్దల్లో భరద్వాజ్ గూడా ఉండాడు."

"ఎంత మాట పీరా! నేను నీ పక్కనే ఉంటాను."

"వద్దు సార్. ఈ వయసులో మీరు యాడికి పోతారు? యల్లా, పోండి."

మాస్టారికి కోపం రావాల్సింది, రాలేదు. ఒళ్లంతా నీరసమే వచ్చింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంటూనే వెనక్కి తిరిగి, భరద్వాజ్ పక్కన అందరి వెనకా నిలబడ్డాడు.

"ఏకగ్రీవం!" అన్నాడు భరద్వాజ్.

కిటికీ దగ్గర పీరా ఒక్కడే ఉన్నాడు. కమిటీ మనిషి కాడు గనుక అతను లెక్కలోకి రాలేదు.