తీసెయ్యనా అని అడిగిన వాక్యం

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాల అంచులు అరగదీసే పని ఆమెది. తిరిగే చక్రం మీద నీళ్ళు పడుతుంటే, అద్దాన్ని ఫ్రేముకు సరిపోయేదాకా అరగదియ్యాలి. వెంట్రుకవాసి ఎక్కువ పోయినా అద్దం చెత్తబుట్ట పాలే. మధ్యాహ్నం అన్నం తిన్నాక దొరికే అరగంటలో, రాసేవాళ్ళంతా చేరిన ఒక సైటు తెరిచి ఫోన్లో కథలు చదివేది. తనకు రాయడం రాదు. రెండుసార్లు ప్రయత్నించి, తన కథకు తనకే ఆవలింతలు రావడంతో మానేసింది. చదవడంలో మాత్రం దిట్ట. ప్రతి ఆదివారం ఆ వారం చదివిన వాటిలో నచ్చిన నాలుగైదు కథల గురించి అక్కడ రాసి పెట్టేది. ఆమెను అందరూ అద్దాలావిడ అనేవారు. ఆవిడ చెప్పిందంటే కళ్ళు మూసుకుని చదవొచ్చని పేరు. ఆ మాట విని, దుకాణంలో కంటిపరీక్ష చేసే పెద్దాయన, అందరూ కళ్ళు మూసుకుని చదవడం మొదలుపెడితే మన దుకాణానికి తాళం వేసుకోవాల్సిందేనన్నాడు.

తడిగుడ్డ అనే పేరుతో రాసే ఒకామె కథ ఆమెకు అనుకోకుండా కంటబడింది. పెట్టి నెల దాటినా దాన్ని ముగ్గురే చదివారు. మంచాన పడ్డ అత్తగారికి ఒక కోడలు ఒళ్ళు తుడిచే కథ అది. అత్తగారికి మతిమరుపు. ఈమెను జీతానికి వచ్చిన మనిషనుకుని, కోడలి మీద చాడీలన్నీ ఈమెకే చెబుతుంది. ఈమె ఊఁ కొడుతూ వింటుంది. ఒకరోజు, మీ కోడలు అంత చెడ్డదా అని అడుగుతుంది. "చెడ్డది కాదే, మాట్లాడదు. అంతే," అంటుంది ముసలావిడ.

అద్దాలావిడ ఆ రోజు చక్రం ఆన్ చెయ్యడం మరిచిపోయి చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆదివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే తడిగుడ్డకు సందేశం పెట్టింది. జవాబు వెంటనే వచ్చింది. అది తమ ఇంటి సంగతేనని, మూడేళ్ళుగా అత్తగారి మంచం పక్కనే కూర్చుని రాస్తున్నానని, ఇంట్లో ఎవరికీ తెలియదని ఆమె చెప్పుకుంది. రెండో రోజుకే అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. ఈ కథ గురించి అందరికీ చెబుతానని అద్దాలావిడ అంటే, సంతోషంతో ఏం రాయాలో తోచడం లేదని రాసి, కాసేపటికి ఇంకొకటి అడిగింది.

"అక్కా, మా ఆడపడుచు గురించి ఒక వాక్యం ఉంది కదా, అది తీసెయ్యనా? ఎవరైనా పోల్చుకుంటారేమో."

ఆ వాక్యం ఇది: 'నెలకోసారి వచ్చే కూతురు, తల్లి ఒంటి మీద బొత్తాలు తప్పుగా పెట్టి ఉన్న పచ్చ స్వెట్టర్‌ను సర్దకుండానే ఆమె పక్కన కూర్చుని ఫోటో దిగి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.'

అద్దాలావిడకు ఆలోచించాలని కూడా అనిపించలేదు. "మీ వాళ్ళు ఇక్కడికెందుకు వస్తారు? కథకు ప్రాణమే అది. ముట్టుకోకు," అని రాసింది. ఆదివారం తన పరిచయంలో ఆ వాక్యాన్నే యథాతథంగా ఎత్తి రాసి, ఈ ఒక్క ముక్క కోసమైనా చదవమంది.

చదివారు. మొదటి రోజు వందలు, వారం తిరిగేసరికి వేలు. ఆ వాక్యాన్ని ఎవరెవరో ఫోటోలా చేసి ఒకరికొకరు పంపుకున్నారు. తడిగుడ్డ రోజుకు పదిసార్లు సందేశం పెట్టేది. ఒకతను తన తల్లికి ఫోన్ చేశాడట, ఒకామె ఏడ్చిందట, అన్నీ చెప్పేది. అద్దాలావిడ కూడా గాల్లో తేలిపోయింది. కంటిపరీక్ష పెద్దాయనకు చదివి వినిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ పిల్ల గట్టిది అన్నాడు.

తరువాత తొమ్మిది రోజులు తడిగుడ్డ నుంచి ఉలుకూ పలుకూ లేదు. పదో రోజు పనిలో ఉండగా సందేశం వచ్చింది. అద్దాలావిడ చక్రం ఆపి, తడి చేతులు తుడుచుకుని చదివింది.

ఆ వాక్యం తిరిగి తిరిగి ఆడపడుచు ఆఫీసుకు చేరింది. తల్లితో దిగి ఆమె పెట్టిన ఫోటో అక్కడ అందరూ చూసిందే. అదే పచ్చ స్వెట్టర్, అవే తప్పు బొత్తాలు. నలుగురిలో తల కొట్టేసినట్టయి ఆమె నేరుగా అన్నగారింటికి వచ్చింది. మా అమ్మను బజారుకెక్కించిన మనిషి చేతుల్లో అమ్మను వదలనని, ఆ పూటే తల్లిని తీసుకెళ్ళి, ముసలివాళ్ళను చూసుకునే ఒక చోట చేర్చింది. తడిగుడ్డ భర్త అడ్డు చెప్పలేదు. ఆ కథ అతనూ చదివాడు. అందులో తన ఊసు ఎక్కడా లేకపోవడం అతన్ని ఎక్కువ బాధపెట్టింది. అప్పటినుంచి భార్యతో మాట్లాడడం లేదు. కోడలు చూడటానికి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. లోపల పనిచేసే మనిషి జాలిపడి ఒక్క మాట చెప్పింది. ముసలావిడ ఎవరితోనూ మాట్లాడటం లేదట, తుడవడానికి వస్తే చెయ్యి తోసేస్తోందట.

చివర్లో ఇలా ఉంది: "నీ తప్పేం లేదక్కా. అడిగింది నేనే, వద్దంటే ఊరుకుంది నేనే. ఇప్పుడు నాకు కావలసినంత తీరిక. కూర్చుంటే ఒక్క ముక్కా రావడం లేదు. రాసిందంతా అత్తయ్య మాట్లాడితేనే కదా."

అద్దాలావిడ జవాబు రాయబోయింది. తప్పు నాదేనని రాసి, అది తన బరువు దించుకోవడానికే అనిపించి చెరిపేసింది. వెళ్ళి ఆ ఆడపడుచు కాళ్ళు పట్టుకుందామా అనుకుంది. చిరునామా తెలియదు, అసలు పేర్లే తెలియవు. చివరికి, నేనేమైనా చెయ్యగలనా అని మాత్రం రాసి పంపేసరికి ఆ ఖాతా లేదు. కథలూ లేవు. తన పరిచయం మాత్రం ఆ వాక్యంతో సహా అలాగే ఉంది. దాన్ని తీసేసింది. కానీ ఆ వాక్యం ఊరంతా తిరుగుతూనే ఉంది. నెల తరువాత పక్క దుకాణం ఆవిడ, ఎంత బాగా రాశారో చూడమని దాన్ని ఆమెకే పంపింది.

ఆదివారాలు రాయడం మానేసింది. పని హడావిడి అని అడిగినవాళ్ళకు చెప్పింది. చదవడం మాత్రం మానలేకపోయింది. కొన్నాళ్ళకు కొత్తగా చేరిన ఒకతని కథ చదివింది. తండ్రి చెవుడు గురించి. నిజంగా మంచి కథ. చాలా బాగుందని అతనికి విడిగా రెండు ముక్కలు రాసింది. అతను పొంగిపోయి, మీరు అందరికీ చెబితే బాగుంటుంది కదండీ అని అడిగాడు. ఆమె ఏమీ రాయలేదు. రెండు రోజులు చూసి అతను మళ్ళీ రాశాడు.

"పర్లేదండీ. అంత బాగాలేదేమోలెండి. నాకూ అలాగే అనిపిస్తోంది."

కథ బాగాలేదన్నది అబద్ధమని ఆమెకు తెలుసు. అలా కాదు బాబూ అని మొదలుపెట్టింది. మీ నాన్నగారు చదువుతారా అని అడగాలనుకుంది. చదవరని అతనంటే ఎలా నమ్మాలో తెలియలేదు. ముందు గదిలోంచి పెద్దాయన, అద్దాలు అయ్యాయా అమ్మా, వాళ్ళు వచ్చి కూర్చున్నారు అని కేకేశాడు. అయిపోతున్నాయని చెప్పి ఆమె ఫోన్ బోర్లించి పెట్టింది.