మేకుకు ఇత్తడి బిల్ల

చుక్క.

కూలర్ గడ్డి నుంచి చుక్క... కింద సత్తుగిన్నెలో.

బొగ్గుగనుల పక్క విసాపూర్‌లో మే నెల మధ్యాహ్నం. బయట ఎండ తెల్లగా ఉంది. బట్టలారేసే తీగ నల్లగా ఉంది — బొగ్గుపొడి ఎవరినీ అడిగి రాదు. లోపల తడిగడ్డి వాసన. మంచం మీద ఈరమ్మ. పక్కన స్టూలు మీద ఆమె కోడలు రమ.

చుక్క.

"కలిసిన్రా?" అంటుంది ఈరమ్మ, కళ్లు తెరవకుండా.

"ఇంక లేదత్తా. వంతెన కూలింది."

"మొన్న గూడ కూలె గద."

"మళ్ల కట్టిన్రు. మళ్ల కూలింది."

"గా మేస్త్రీలను మార్సుమను."

కలవాల్సినవాళ్లు ఇద్దరు. బొగ్గుకోట సేనాపతి అంగారుడు, నదికోట సేనాపతి తరళ. ఫోన్లో వచ్చే సీరియల్ మనుషులు. పన్నెండేళ్లు ఒకరి మీద ఒకరు కత్తి దూశారు. చివరికి నదికి చెరో ఒడ్డున నిలబడి, మొదటిసారి కత్తులు దించి, చూసుకున్నారు...

అక్కడ సీరియల్ ఆగిపోయింది. తీసేవాళ్లు మానుకున్నారు.

ఈరమ్మ మూడు రోజులు సరిగా తినలేదు. నాలుగో రోజు మిగతా కథ రమ అల్లడం మొదలుపెట్టింది. డిగ్రీ దేనికో ఒకదానికి పనికి రావాలి.

ఈ ఇంట్లోనూ రెండు కోటలుండేవి. వంటింటి కోట, వసారా కోట. పద్దెనిమిదేళ్ల యుద్ధం. ఉప్పు గురించి. తలుపు గొళ్లెం గురించి. ఎక్కువగా ఉప్పు గురించే. ఈరమ్మ కొడుకు మారుతి, అంటే రమ మొగుడు, ఇటూ అటూ రాయబారం నడిపి నడిపి జుట్టు పోగొట్టుకున్నాడు. ఓ రోజు ఈరమ్మ మంచం పట్టింది. రమ ఆమెకు జడ వేసింది.

అంతే. సంధిపత్రం ఏదీ రాసుకోలేదు.

శివరాత్రి వెళ్లాక డాక్టర్, ఇంక ఇంట్లోనే ఉంచుకొమ్మన్నాడు. ఆ సాయంత్రం ఈరమ్మ, కూరగాయలకు పోయొస్తానన్నంత మామూలుగా చెప్పింది.

"వాళ్లిద్దరు కలిసినంక నేను పోత."

అప్పటి నుంచి వంతెనలు కూలుతున్నాయి.

నది పొంగింది. దుమ్ము లేచింది. పడవవాడు పెళ్లికి పోయాడు. అంగారుడి గుర్రానికి జ్వరం వచ్చింది — ఆ రోజు రమకు ఇంకేమీ తోచలేదు. తరళ పులిని చూసి మూడు రోజులు చెట్టు దిగలేదు. అది మాత్రం ఈరమ్మ వెంటనే నమ్మింది. చుట్టూ అడవులున్న ఈ జిల్లాలో పులి అంటే ఎవరైనా నమ్ముతారు.

చుక్క.

ఈ మధ్యాహ్నం రమ ఒక పొరపాటు చేసింది. అడ్డంకులు అయిపోవడంతో, కథలోకి బిల్లను తెచ్చింది.

మామ పోచన్న మాజ్రి బొగ్గుగనిలో పనిచేసినప్పటి పద్ధతి. దిగే ముందు తన ఇత్తడి బిల్లను గేటు దగ్గర మేకుకు తగిలించాలి. పైకొచ్చాక తీసుకోవాలి. మేకుకు బిల్ల ఉందంటే మనిషి ఇంకా లోపలే.

బొగ్గుకోటలోనూ అదే పద్ధతంది రమ. అంగారుడి బిల్లను కాకి ఎత్తుకుపోయిందంది. బిల్ల చూపనిదే ఒడ్డు మీది గేటు దాటి నదిలోకి దిగనివ్వరంది. మంచి అడ్డంకి... వానల దాకా సరిపోతుందనుకుంది.

ఈరమ్మ మెల్లగా పక్కకు ఒత్తిగిలింది.

దిండు కింద చెయ్యి పెట్టింది. వెతికింది. తీసింది.

అరిగిన ఇత్తడి. మధ్యలో బొక్క. నాలుగు వందల పన్నెండో నంబరు. రిటైరైన రోజు పోచన్న తిరిగివ్వకుండా జేబులో వేసుకొచ్చిన బిల్ల. పోచన్న పోయి ఆరేళ్లు.

"ఇగో. గా పిలగానికియ్యి."

"అత్తా, ఇది మామది."

"ఎర్కనే. నంబరెవడు చూస్తడు."

అప్పుడు కళ్లు తెరిచింది.

"ఒడ్డు మీద గాయనను ఇంకెన్ని దినాలు నిలవెడ్తవే... నొస్తుంది రమా."

పద్దెనిమిదేళ్ల యుద్ధంలో ఈరమ్మ ఏనాడూ నొస్తుందన్న మాట అనలేదు.

చుక్క... చుక్క.

బిల్ల రమ అరచేతిలో వెచ్చగా ఉంది. ఆమె గొంతు సవరించుకుంది.

అంగారుడు బిల్ల చూపించాడు. గేటు తీశారు. నంబరు ఎవరూ చూడలేదు. నదిలో నీళ్లు మోకాలి లోతే — ఎండాకాలం కదా, వంతెనతో పనే లేదు, ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు. అతడు దిగాడు. అటు నుంచి తరళ దిగింది. కత్తులు ఒడ్డునే ఉన్నాయి. ఒక అడుగు. ఇంకో అడుగు. ఆమె కొంగుకు నది వాసన. అతడి కనుబొమల్లో బొగ్గు. చెయ్యి చాపితే అందేంత దూరం...

"ఆఁ," అంది ఈరమ్మ.

చెయ్యి చాపితే అందేంత దూరం...

రమ ఆగిపోయింది.

కూలర్ పక్కన గోడకు క్యాలెండర్ మేకు ఉంది. లేచి, బిల్లను దానికి తగిలించింది.

లెక్క ప్రకారం, మనిషి ఇంకా లోపలే.

"చెప్పే," అంది ఈరమ్మ, మెల్లగా.

కూలర్ గాలికి బిల్ల ఊగింది. గోడకు తగిలింది. మళ్లీ ఊగింది.

చుక్క.

గడ్డి నుంచి... కింద సత్తుగిన్నెలో.

తర్వాతి చుక్క కోసం ఇద్దరూ చెవులు రిక్కించారు.