ఊరి దళం తుపాకులు దించిన రోజు

అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున, ఇంగ్లీషు రాజు ఏలుబడిలో ఉన్న మా పల్లెలో పదహారేళ్లు దాటిన మగవాళ్లంతా ఊరి దళంలో సైనికులే. భర్త పోయాక మంత్రసాని హనెకేకి కౌలు హక్కు లేదని, ఆమె ఇల్లు కూల్చడానికి జమీందారు తరఫున జిల్లా అధికారి షెరీఫ్ మమ్మల్ని తీసుకెళ్లాడు.

"పిన్నీ, బయటికి రా," అన్నాడు మా నాయకుడు టూనిస్.

"నీకు బొడ్డు కోసింది నేనేరా. కూల్చుకో," అందామె గుమ్మంలోంచి కదలకుండా.

టూనిస్ ముఖం కందిపోయింది. తుపాకీ నేలమీద పెట్టి షెరీఫ్ వైపు తిరిగాడు.

"ఫ్రెంచివాళ్లు దాడికొస్తే పిలవండి అయ్యా, పరిగెత్తుకొస్తాం. ఈ పని మాత్రం మావల్ల కాదు."

మేమందరం తుపాకులు దించాం.

"మిమ్మల్నందర్నీ ఖైదు చేయిస్తా," అన్నాడు షెరీఫ్.

"పట్టుకోడానికి దళం కావాలిగా? ఆ దళం మేమే," అన్నాడు ముసలి యోస్ట్.

షెరీఫ్ గుర్రమెక్కి వెళ్లిపోయాడు. ఆ ఏడు హనెకే పొలంలో గోధుమ మేమే చల్లాం.